పట్టు అనే క్రియ

మెడ పట్టేసింది అంటాం. కాస్త మెడ పట్టు అనీ అంటాం. నొప్పికీ, నొప్పి తీసే చేతికీ తెలుగులో ఒకటే క్రియ. మైపాడు ఒడ్డున తాళ్ళతో వల లాగే భుజాలూ, రోజూ పది గంటలు ల్యాప్‌టాప్ ముందు వంగే నా మెడా ఈ క్రియ దగ్గర చుట్టాలే. అయితే దీనికి మూడో అర్థం కూడా ఉంది. 'కాళ్ళు పట్టుకున్నాను' అంటే బతిమాలుకున్నానని. ఒళ్ళు పట్టే పని చరిత్రంతా ఈ మూడో అర్థంలో ఇరుక్కుపోయిందని నాకనిపిస్తుంది.

పదమూడో శతాబ్దంలో, నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన భారతాన్ని విరాటపర్వం నుంచి తెలుగు చేశాడు. ఆ పర్వంలో ద్రౌపది సైరంధ్రిగా సుధేష్ణ దగ్గర పనికి కుదురుతుంది. జడలు వేస్తుంది, మైపూతలు నూరుతుంది. కానీ వ్యాసుడి ద్రౌపది ముందే చెప్పేస్తుంది: ఎంగిలి పెట్టకూడదు, కాళ్ళు కడిగించకూడదు. దాసి వేషంలోనూ షరతు పెట్టగలిగింది, లోపల రాణి కాబట్టి.

శూద్రకుడి మృచ్ఛకటికంలో సంవాహకుడు, అంటే ఒళ్ళు పట్టేవాడు, పాటలీపుత్రం మనిషి. కళగా నేర్చుకున్నది బతుకుతెరువైపోయిందని వసంతసేనకు చెప్పుకుంటాడు. చివరికి బౌద్ధ భిక్షువవుతాడు. అదే ఊళ్ళో, అంటే పాట్నాలో, 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ కథ ఇంకోలా నడిచింది. ఇంగ్లండు చేరి, బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి, ఒళ్ళు పట్టి, నాలుగో జార్జి రాజుకు 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. 1822లో ఆ వైద్యం మీద పుస్తకమూ రాశాడు. షాంపూ అన్న మాట హిందీ 'చాంపో' నుంచి వచ్చిందే. చాంపో అంటే నొక్కు అని. తలకు రుద్దుకునే నురగ అన్న అర్థం తర్వాత వచ్చింది.

మన ఊళ్ళల్లో ఆ చేతులు ఎక్కువగా మంగలి ఇళ్ళవి. మగవాళ్ళు క్షవరం చేశారు, నూనె రాసి ఒళ్ళు పట్టారు, కురుపులు కోశారు. ఆడవాళ్ళు పురుళ్ళు పోశారు. బ్రైటన్‌లో సర్జన్ హోదా తెచ్చిన పని ఇక్కడ తిట్టయింది. ఆ కులం పేరును తిట్టుగా వాడొద్దని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు స్పా బోర్డుల మీద ఇదే పని 'థెరపీ'. పేరు మారితే మంచిదే. కానీ గౌరవం వచ్చిందో లేదో బోర్డు చూస్తే తెలీదు. సైరంధ్రిలా 'ఇది చేస్తాను, ఇది చెయ్యను' అని ఆ గదిలో పనిచేసే అమ్మాయి చెప్పగలదా? చెప్పాక కూడా రేపు ఆమెకు పని ఉంటుందా? నా మెడ నొప్పి తగ్గడంతో చరిత్ర పూర్తవదు. ఆ షరతు రాణికే కాదు, పనిమనిషికీ చెల్లిన రోజున పట్టు అన్న క్రియలోంచి మూడో అర్థం రాలిపోతుంది.