నగల తయారీలో ప్లాటినం

ప్లాటినం తెల్లగా మెరిసే బరువైన లోహం. గాలి, తేమ, చెమట తగిలినా రంగు మారదు. పరమాణు సంఖ్య 78. ఘన సెంటీమీటరుకు సుమారు 21.45 గ్రాములు తూగుతుంది. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, ప్లాటినం 1768 డిగ్రీల దాకా కరగదు. నగల లోహంగా దీని చరిత్రను నడిపించింది అరుదుతనం కన్నా ఈ 700 డిగ్రీల తేడాయే. కుంపటి వేడికి లొంగని ఈ లోహం తనను లొంగదీసే ఉపాయం తెలిసినచోట ఆభరణమైంది. తెలియనిచోట బంగారాన్ని చెడగొట్టే మలినంగా మిగిలిపోయింది.

ప్రాచీన ఈజిప్టు బంగారు వస్తువుల్లో సన్నని ప్లాటినం జాతి రేణువులు కనిపిస్తాయి. అవి ఏటి ఇసుకలోని బంగారంతో కలిసి వచ్చినవే. థీబ్స్‌లో దొరికిన, క్రీ.పూ. 7వ శతాబ్దికి చెందిన ఒక చిన్న పెట్టెపై పొదిగిన రేకుల్లో ఒకటి ప్లాటినందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో 20వ శతాబ్ది ఆరంభంలో గుర్తించాడు. పనివాడు దాన్ని వెండి అనుకునే వాడి ఉంటాడని పండితుల ఊహ.

తెలిసి, కావాలని ప్లాటినంతో నగలు చేసిన తొలి పనివారు దక్షిణ అమెరికాలో, నేటి ఈక్వడార్, కొలంబియా దేశాల సరిహద్దున పసిఫిక్ తీరంలో ఉండేవారు. లా తోలిత సంస్కృతిగా పేరొందిన ఈ జనం సుమారు రెండు వేల ఏళ్ల కిందట ముక్కు పోగులూ చిన్న ముఖాకృతులూ చేశారు. వారి దగ్గర ఉన్నవి బొగ్గు నిప్పులు, ఊదుగొట్టాలు మాత్రమే. ఆ వేడికి ప్లాటినం కరగదు కాబట్టి వారు దాన్ని కరిగించే ప్రయత్నమే చేయలేదు. ఏటి ఒండ్రులోంచి ఏరిన ప్లాటినం రేణువులను బంగారపు పొడితో కలిపి కాల్చారు. బంగారం కరిగి రేణువుల మధ్యకు పాకి వాటిని అతికింది. ఆ ముద్దను కొట్టడం, మళ్లీ కాల్చడం, మళ్లీ కొట్టడం. కొంతసేపటికి రెండు లోహాలూ ఒకదానిలో ఒకటి ఇంకి, సాగే గుణమున్న తెల్లని మిశ్రమం తయారయ్యేది. ఈ కిటుకును 1930లలో డెన్మార్క్ ఇంజనీరు పాల్ బెర్గ్‌సో ఆ వస్తువులను పరీక్షించి వివరించాడు. పొడిని అదిమి, కరగకుండానే కాల్చి ఘనలోహం చేయడం ఆధునిక లోహశాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖ. యూరప్ దానికి చేరుకున్నది ఎన్నో శతాబ్దాల తర్వాతే.

స్పెయిన్ వలస పాలకులకు కొలంబియాలోని చోకో ప్రాంతపు గనుల్లో ఈ లోహం పెద్ద బెడద. బంగారంతో కలిసి వచ్చేది, విడదీయడం కష్టం, కరిగేది కాదు. పైగా బరువులో బంగారాన్ని పోలి ఉండటంతో కల్తీకి అనువైనది. కల్తీ భయంతో అధికారులు దాన్ని నదుల్లో పారబోయించారని చెబుతారు. 1735లో దక్షిణ అమెరికా యాత్రకు బయలుదేరిన స్పెయిన్ నౌకాదళ అధికారి ఆంతోనియో దె ఉల్యోవా 1748లో అచ్చువేసిన గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. 1750లో లండన్‌లోని రాయల్ సొసైటీకి నమూనాలు అందాయి. 1752లో స్వీడన్‌ రసాయన శాస్త్రవేత్త షెఫర్, ఆర్సెనిక్ కలిపితే ప్లాటినం తక్కువ వేడికే కరుగుతుందని కనుగొన్నాడు.

పారిస్ స్వర్ణకారుడు మార్క్ ఎతియెన్ జానెతీ ఈ విషపు దారినే పట్టాడు. ఆర్సెనిక్‌తో కరిగించి, తర్వాత కాల్చి ఆర్సెనిక్‌ను పొగగా వెళ్లగొట్టేవాడు. అతను 1786లో చేసిన చక్కెర గిన్నె న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అదే ఏడాది స్పెయిన్‌లో రసాయన శాస్త్రవేత్త షాబనో సాగే ప్లాటినాన్ని తయారుచేశాడు. ఆ లోహంతో చేయించిన పూజాపాత్ర ఒకటి రాజు కానుకగా పోప్ ఆరవ పయస్‌కు చేరింది.

ఇంగ్లండ్‌లో రసాయన శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ ముడి ప్లాటినాన్ని ఆమ్లాల్లో కరిగించి, అవక్షేపంగా రాబట్టి, ఆ పొడిని తడిగా అదిమి, కాల్చి, సుత్తితో కొట్టి మేలైన లోహం తీశాడు. ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచిన ఈ పద్ధతిని 1828లో, మరణానికి కొద్ది వారాల ముందు వెల్లడించాడు. అయితే అతని ప్లాటినం ఎక్కువగా ప్రయోగశాలల మూసలకూ ఆమ్లం కాచే పాత్రలకూ వెళ్లింది, నగలకు కాదు. 1828 నుంచి 1845 దాకా రష్యా యూరల్ పర్వతాల ప్లాటినంతో నాణేలు ముద్రించింది. 1850ల చివర్లో ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్తలు దెవీల్, దెబ్రే సున్నపు దిమ్మలో తొలిచిన కొలిమిలో ఆక్సిజన్ మంటతో ఈ లోహాన్ని పెద్ద ఎత్తున కరిగించగలిగారు.

1867 తర్వాత దక్షిణాఫ్రికా వజ్రాలు మార్కెట్‌ను ముంచెత్తాయి. అప్పటిదాకా వజ్రాలను వెండిలో పొదిగి వెనుక బంగారం వేసేవారు. వెండి నల్లబడేది, మెత్తన కాబట్టి కట్టు మందంగా ఉండాల్సి వచ్చేది. ప్లాటినం సన్నని తీగగా సాగి కూడా రాయిని వదలకుండా పట్టుకుంటుంది. 1900 ప్రాంతంలో పారిస్‌లో నగల వ్యాపారి లూయీ కార్తియే ఈ గుణాన్ని అందరికన్నా బాగా వాడుకున్నాడు. లేసు అల్లికలాంటి పూలదండల నగల్లో లోహం కనీకనిపించక, రవ్వలు మాత్రమే మెరిసేవి. ఆక్సీ ఎసిటిలీన్ మంట అందుబాటులోకి రావడంతో చిన్న కార్ఖానాల్లోనూ అతుకుపని సాధ్యమైంది.

ఈ తెల్లలోహపు వైభవంలో భారతదేశపు రాళ్లకూ సంపదకూ వాటా ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో పుట్టిందని ప్రసిద్ధి పొందిన కోహినూర్‌ను 1937లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ కోసం చేసిన ప్లాటినం కిరీటంలో పొదిగారు. కొల్లూరుదేనని భావించే హోప్ వజ్రానికి కూడా కార్తియే సంస్థ ప్లాటినం చట్రాన్నే కట్టింది. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్‌కు ఆ సంస్థ 1928లో చేసిచ్చిన కంఠాభరణంలో 2,930 వజ్రాలున్నాయి. హైదరాబాదు ఏడవ నిజాం 1947లో ఆ రాణి కూతురైన యువరాణి ఎలిజబెత్ పెళ్లికి ఇచ్చిన కానుకా కార్తియే వారి ప్లాటినం, వజ్రాల హారమే. నచ్చినది ఎంచుకొమ్మని ఆయన ఎంపికను వధువుకే వదిలేశాడు.

యుద్ధాలు ఈ జోరుకు అడ్డుపడ్డాయి. పేలుడు పదార్థాలకు కావలసిన నైట్రిక్ ఆమ్లం తయారీలో ప్లాటినం ఉత్ప్రేరకం. మొదటి ప్రపంచ యుద్ధంలోనే కొరత ఏర్పడింది, దాని స్థానంలోకి తెల్ల బంగారం వచ్చింది. రెండో యుద్ధంలో అమెరికా నగలకు ప్లాటినం వాడకాన్ని నిషేధించింది. రెండు యుద్ధాల నడుమ, 1924లో దక్షిణాఫ్రికాలో భూగర్భ శాస్త్రవేత్త హాన్స్ మెరెన్‌స్కీ గుర్తించిన ప్లాటినం ఖనిజపు పొర సరఫరా తీరునే మార్చేసింది. నేటికీ గనుల నుంచి వచ్చే ప్లాటినంలో అధిక భాగం ఆ దేశానిదే. 20వ శతాబ్ది రెండో సగంలో జపాన్, తర్వాత చైనా పెద్ద కొనుగోలుదార్లయ్యాయి.

నగలకు సాధారణంగా వాడేది వెయ్యికి 950 పాళ్ల ప్లాటినం. మిగతా ఐదు శాతం రుథేనియం, ఇరిడియం, కోబాల్ట్, రాగి వంటివాటిలో ఏదో ఒకటి. శుద్ధ ప్లాటినం నగకు మరీ మెత్తన. బంగారం పనిలో ఆరితేరిన కంసాలికి కూడా ఇక్కడ అలవాట్లు మార్చుకోక తప్పదు. గ్రాఫైట్ మూస పనికిరాదు, కార్బన్ చేరితే లోహం పెళుసవుతుంది. కాబట్టి సెరామిక్ మూస, ఇండక్షన్ కొలిమి కావాలి. కరిగే లోహం వెలుగుకు కళ్లు దెబ్బతినకుండా నల్లద్దాలు పెట్టుకోవాలి. వేడికి మసకబారదు కాబట్టి అతుకు పెట్టేటప్పుడు వెలిగారంతో పని ఉండదు. ఆకురాళ్లు విడిగా ఉంచుకోవాలి. అంటుకున్న బంగారు రజను కాల్చినప్పుడు ప్లాటినంలోకి ఇంకి గుంటలు పెడుతుంది. మెరుగు పెట్టడం మాత్రం ఓపికను పరీక్షించే పనే. గీత పడితే లోహం రాలిపోదు, పక్కకు జరుగుతుంది. అందుకే పాత ఉంగరం మసకబారినట్లు కనిపించినా బరువు అంతగా తగ్గదు.

భారతదేశంలో ప్లాటినం నగల విస్తృత అమ్మకం 2000 ప్రాంతంలో ప్లాటినం గిల్డ్ అనే వ్యాపార సంస్థ ప్రచారంతో ఊపందుకుంది. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో జంట ఉంగరాలు, మగవారి గొలుసులు, కంకణాలు అమ్ముడవుతాయి. వడ్డాణం, కాసులపేరు, మంగళసూత్రం మాత్రం బంగారాన్ని వదలలేదు. పసిడి రంగుకే విలువిచ్చే తెలుగు ఇళ్లలో ఇది ఆశ్చర్యమేమీ కాదు.

2008లో ఔన్సు ధర రెండు వేల డాలర్లు దాటిన ప్లాటినం, 2015 నుంచి బంగారం కన్నా చౌకగా ఉంది. వాహనాల పొగ శుద్ధిచేసే పరికరాలు దీనికి అతి పెద్ద గిరాకీల్లో ఒకటి కావడంతో ధర నగల సరదాతో పాటు కార్ల పరిశ్రమ మీదా ఆధారపడుతుంది. నగ ధరలో మజూరీ వాటా ఎక్కువ. తిరిగి అమ్మితే బంగారం కన్నా ఎక్కువ కోత పడుతుంది. పాత ప్లాటినాన్ని దుకాణం వెనుక కుంపట్లో కరిగించి మరో నగ చేయడం కుదరదు కాబట్టి దాన్ని శుద్ధి కర్మాగారానికి పంపాల్సి ఉంటుంది.