కుందూ తీరయాత్ర: నీటి కథ, తిరుగుబాటు కథ

ప్రవేశిక

కుందూ నది ఓర్వకల్లు ప్రాంతపు మెట్టల్లో పుట్టి, నంద్యాల మీదుగా దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. దానికి తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ నల్లరేగడి మైదానం. పాత శాసనాలు రేనాడు అని పిలిచిన సీమ ఇదే. సుమారు క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం రేనాటి చోళులదే కనుక తెలుగు భాషాచరిత్ర చదివేవారికి ఈ నదీతీరం కొత్తది కాదు. అయితే ఈ సీమను ప్రజలు ఎక్కువగా తలచుకొనేది శాసనాల వల్ల కాదు, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాయకత్వంలో జరిగిన తిరుగుబాటు వల్ల.

నంద్యాల జిల్లా దక్షిణపు అంచున, జాతీయ రహదారి 40 మీద ఉన్న చాగలమర్రి నుంచి బయలుదేరితే రాజోలి, ఉయ్యాలవాడ, నొస్సం, కోవెలకుంట్ల ఊళ్లను ఒకే రోజులో చూసి రావచ్చు. విశ్వవిద్యాలయ శాఖలు జరిపే విజ్ఞానయాత్రలకు ఇది అనువైన దారి. కాని ఇటువంటి యాత్రలో మార్గదర్శి చెప్పే కథ రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది. పొద్దున నది, ఆనకట్ట, పైరు. సాయంత్రం వీరుడు, కత్తి, ఉరికంబం. ఈ రెండూ ఒకే కథ అనీ, వాటిని కలిపే మాట ‘మాన్యం’ అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజోలి: నీటి లెక్క

యాత్రలో మొదటి మజిలీ చాగలమర్రి మండలంలోని రాజోలి. ఇక్కడ కుందూకు అడ్డంగా ఉన్న ఆనకట్ట కర్నూలు–కడప కాలువ వ్యవస్థలో భాగం. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై సుమారు 305 కిలోమీటర్లు సాగే ఈ కాలువ కొంతదూరం తవ్విన కాలువగానూ, కొంతదూరం నది ఒడిలోనూ పోతుంది. కుందూలో కలిసిన నీటిని రాజోలి దగ్గర మళ్లీ పట్టి కడప వైపు పొలాలకు మళ్లిస్తారు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో దీన్ని తవ్వించింది. పైరుకు నీరుతోపాటు సరుకుల పడవలు కూడా నడవాలని లాకులు కట్టించింది. లాభాల అంచనాలు తప్పి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చింది.

మార్గదర్శి ఇక్కడ ఒక కాలక్రమాన్ని స్పష్టం చేయాలి. ఈనాటి సందర్శకుడు చూసే కాలువ కింది వరిమడి నరసింహారెడ్డి చూసినది కాదు. ఆయన మరణించిన తరువాతనే ఆ నీరు వచ్చింది. 1846 నాటి రేనాడు ప్రధానంగా జొన్న, పత్తి పండే మెట్టసీమ. చెరువు, బావి, వాగు, ఎండాకాలంలో ఏటి ఇసుకలో తీసిన చెలమ, ఇవే ప్రజల నీటి ఆధారాలు. చెరువు కట్ట తెగకుండా, బావి పూడకుండా చూసేవారికి జీతం ఉండేది కాదు, భూమి ఉండేది. దత్తమండలాల్లో దీన్ని దశబంధ మాన్యం అన్నారు. చెరువునో బావినో కట్టి బాగుచేసినవారు దానికి ప్రతిఫలంగా కొంత భూమిని శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుతోనో అనుభవించేవారు. నీటి సంరక్షణ గ్రామంలో ఒక హక్కుగా, ఒక బాధ్యతగా ఈ విధంగా నిలిచింది.

ఊరి కాపలా కూడా ఇదే పద్ధతిలో నడిచింది. పాలెగాడి పిలుపు వచ్చినప్పుడు ఆయుధం పట్టి రావలసిన, మిగిలిన రోజుల్లో దారులనూ పైరునూ కాయవలసిన కట్టుబడులకు కట్టుబడి మాన్యాలు ఉండేవి. నీరు కాచేవాడికీ ఊరు కాచేవాడికీ భూమి రూపంలోనే జీవనం ఏర్పడిన సమాజం అది. రాజోలి ఆనకట్ట మీద నిలబడి ఈ సంగతి చెప్పకపోతే మధ్యాహ్నం చెప్పబోయే తిరుగుబాటుకు కారణం అర్థం కాదు.

ఉయ్యాలవాడ: మాన్యం లెక్క

1800 అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పాలెగాళ్ల కోటలను, సైన్యాలను తొలగించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకొనే పద్ధతికి పునాది వేశాడు. అధికారం పోయిన పాలెగాళ్ల కుటుంబాలకు నెలవారీ భరణాలు మిగిలాయి. నరసింహారెడ్డి ఇటువంటి కుటుంబంలో పుట్టాడు. ఆయన మాతామహుడు నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి. నొస్సం భరణం వారసులకు దక్కకుండా పోయింది. ఉయ్యాలవాడ భరణంలో నరసింహారెడ్డి వంతుకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

చరిత్ర గ్రంథాలన్నీ ఈ అంకెను పేర్కొంటాయి, కాని దాని లోపలికి చూడవు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు ఉన్న ఆనాటి లెక్కలో ఇది 35 రూపాయల్లో సరిగ్గా మూడో వంతు, 70 రూపాయల్లో ఆరో వంతు. పైసల దాకా వెళ్లిన ఆ విలువ, తరతరాల పంపకాల్లో ఒక పాలెగాడి వంశం ఎంతగా కుంచించుకుపోయిందో చెబుతోంది. పాలెం ఒకనాడు మనుషులను, చెరువులను, దారులను నిలిపిన వ్యవస్థ. దాని స్థానంలో ఖజానా గుమ్మం ముందు చేయి చాపి తీసుకోవలసిన చిల్లర మిగిలింది. భరణం తెమ్మని పంపిన మనిషిని కోవెలకుంట్ల తాసీల్దారు అవమానించాడని జనశ్రుతి. ఆ అవమానమే నిప్పురవ్వ కావచ్చు. అయితే రవ్వ పడగానే అంటుకోవడానికి ఎండుగడ్డి ముందే సిద్ధంగా ఉంది. కట్టుబడి మాన్యాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం వల్ల భూమి పోయినవారు, పోతుందని భయపడుతున్నవారు నరసింహారెడ్డి చుట్టూ చేరారు. ఆయనకు పోయినది భరణం, వారికి పోయినది అన్నం.

ఉయ్యాలవాడలో మరొక పేరు కూడా వినిపిస్తుంది. 1866 కరువులో అన్నార్తులకు అన్నదానం చేసి కీర్తి పొందిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఈ ఊరే. తంగిరాల వెంకటసుబ్బారావు ఈ ఇద్దరి జానపద గాథలను ‘రేనాటి సూర్యచంద్రులు’ పేరుతో ఒక్కచోట చేర్చడం ఔచిత్యవంతం. ఒకరి గాథ మాన్యం పోయిన కోపానిది, రెండోది వాన లేని ఆకలిది. కొత్త కాలువ తవ్వకం జరుగుతున్న దశాబ్దంలోనే ఆ కరువు వచ్చిందన్న సంగతి, పొద్దున చూసిన ఆనకట్టను ఈ ఊరితో మళ్లీ కలుపుతుంది.

నొస్సం: వానకాలపు యుద్ధం

1846లో తిరుగుబాటుదారులు కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేశారు. తాసీల్దారును, కాపలాదారులను చంపారు. ఆ తరువాత నల్లమల దాటి గిద్దలూరు, కంభం వైపు సాగారు. కెప్టెన్ నాట్, కెప్టెన్ వాట్సన్ల దళాలు వారిని వెంటాడాయి. అప్పటి కడప కలెక్టరు కాక్రేన్ నరసింహారెడ్డి తలకు వెల ప్రకటించాడు. చివరకు 1846 అక్టోబరు 6న ఎర్రమల వైపున్న పెరుసోమల కొండ దగ్గర ఆయన పట్టుబడ్డాడు.

ఈ ఊళ్లను నొస్సం నుంచి చూస్తూ చెబితే పటం అక్కరలేదు. దళాల కదలిక తూర్పు కొండల నుంచి పడమటి కొండలకు, నడుమ కుందూ మైదానం మీదుగా జరిగింది. అదీ వానకాలంలో. నల్లరేగడి తడిస్తే బండి చక్రం దిగబడుతుంది. వాగు పొంగితే దారి ఆగుతుంది. ఏ వాగును ఎక్కడ దాటవచ్చో, ఏ కనుమలో నీరు దొరుకుతుందో తెలిసినవారు ఊరి కాపలాదారులైన కట్టుబడులే. పాత వ్యవస్థ వారికి భూమి ఇచ్చింది ఈ జ్ఞానానికే. కంపెనీ లెక్కలో విలువ లేకుండా పోయిన ఆ జ్ఞానమే కొన్ని నెలలపాటు కంపెనీ సైన్యాన్ని తిప్పలు పెట్టిందని భావించడం సమంజసం.

కోవెలకుంట్ల: జుర్రేరు ఒడ్డు

చివరి మజిలీ కోవెలకుంట్ల. 1847 ఫిబ్రవరి 22, సోమవారం ఉదయం జుర్రేరు ఒడ్డున, జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన తలను కోటలో 1877 వరకు వేలాడదీశారని స్థానిక చరిత్ర చెబుతుంది. ఈ జుర్రేరు లోయలోనే, కొంత ఎగువన జ్వాలాపురం దగ్గర, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. మనిషి అంత కాలంగా ఆశ్రయించిన ఏటి ఒడ్డునే ఉరికంబానికి కూడా ఎంచుకున్నారు. ఏరు అందరూ వచ్చే చోటు కనుక, అందరూ చూడాలన్నదే ఆ శిక్ష ఉద్దేశం కనుక, ఇది కాకతాళీయం కాకపోవచ్చు.

ఇక్కడ మార్గదర్శి సరిదిద్దవలసిన ఒక పొరపాటు ఉంది. ప్రచురిత చరిత్రల ప్రకారం ఈ తిరుగుబాటులో 901 మందిపై అభియోగాలు మోపారు. 412 మంది నిర్దోషులుగా విడుదలయ్యారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. శిక్ష పడినవారిలో కొందరిని అండమానుకు పంపారన్న మాట తరచుగా వినిపిస్తుంది. కాని అండమానులో ఖైదీల స్థావరం ఏర్పడింది 1858లో, 1857 తిరుగుబాటు తరువాత. 1847లో సముద్రం దాటించిన భారతీయ ఖైదీలు పెనాంగు, సింగపూరు, మౌల్మేను వంటి చోట్లకు వెళ్లేవారు. కనుక రేనాటి ఖైదీల జాడ వెతకవలసిన దస్తావేజులు వేరు. అట్లే, కోవెలకుంట్ల తాలూకా 1858లో కర్నూలు జిల్లాలో చేరేదాకా కడప జిల్లాలోదే. తిరుగుబాటు కాగితాలను కర్నూలు పేరుతో వెతికే పరిశోధకుడు ఈ సంగతి మరవరాదు.

పాట, కాగితం

ఈ యాత్రకు రెండు రకాల ఆధారాలు ఉన్నాయి. ఒకటి జానపదుల వీరగాథ, రెండోది కలెక్టరు కచేరీ కాగితం. పాట నరసింహారెడ్డిని, ఆయన గురువు గోసాయి వెంకన్నను, అనుచరుడు వడ్డె ఓబన్నను బతికించింది. పాటలోని పిలుపే 2019 నాటి ‘సైరా నరసింహారెడ్డి’ సినిమాకు పేరైంది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఈ గౌరవం న్యాయమైనదే. అయితే వీరుడు పెరిగేకొద్దీ చుట్టూ ఉన్నవారు చిన్నవారవుతారు. పాటలో ఇమడని 901 మందిలో చాలామందికి కచేరీ కాగితమే గతి. అది వారిని నేరస్థులుగా రాసుకుంది, కాని రాసుకుంది. పాట ప్రేమతో కొందరిని గుర్తుంచుకుంటే, కాగితం ద్వేషంతో అందరినీ లెక్కపెట్టింది. చరిత్రకారుడికి రెండూ కావాలి. ఖజానా దగ్గర చనిపోయిన కాపలాదారుల ఊసు మాత్రం యాత్రలో ప్రత్యేకంగా ఎత్తుకుంటే తప్ప రాదు.

ఇది రేనాటికే పరిమితమైన సమస్య కాదు. థాయిలాండులోని కాంచనబురిలో క్వాయ్ నది మీద పడవ విహారాన్నీ, రెండో ప్రపంచ యుద్ధపు రైలుమార్గాన్నీ కలిపి ఒక్కరోజులో చూపిస్తారు. 1942–43లో జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల ఆ మార్గంలో చనిపోయిన యుద్ధఖైదీలకు, కాంచనబురి శ్మశానవాటిక ఒక్కదానిలోనే, దాదాపు 7,000 సమాధులు వరుసగా ఉన్నాయి. అంతకంటే ఎన్నో రెట్లు మరణించిన ఆసియా కూలీలకు, వారిలో మలయా తోటల నుంచి వెళ్లిన తమిళులకు, తెలుగువారికి, అటువంటి గుర్తులు లేవు. నది అందంగానే ఉంటుంది. రాయి మీద పేరున్నవారి కథ వినిపిస్తుంది. పేరు లేనివారి సంగతి మార్గదర్శి నోట రావాలి, లేదా పోవాలి.

ముగింపు

చాగలమర్రి నుంచి కోవెలకుంట్ల దాకా సాగే ఈ ఒక్కరోజు యాత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, రేనాట నీటి సంరక్షణ, ఊరి కాపలా రెండూ మాన్యం మీద నిలిచాయి. ఆ పద్ధతి కదిలినప్పుడే తిరుగుబాటు వచ్చింది. రెండోది, దాన్ని 1857కు ముందుమాటగా మాత్రమే చెప్పడం వల్ల వీరుడికి దేశవ్యాప్త కీర్తి దక్కినా, కట్టుబడుల భూమి సమస్య కనుమరుగవుతుంది. మూడోది, జానపద గాథను, కచేరీ కాగితాన్ని పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ 901 మంది మళ్లీ మనుషులవుతారు.

సాయంత్రం జుర్రేరు ఒడ్డున యాత్ర ముగించేటప్పుడు మార్గదర్శి సందర్శకులను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: రాజోలిలో నీటిని ఎవరు కాస్తున్నారు, అందుకు వారికి ఏం ముడుతోంది? 1846 నాటి ప్రశ్న కూడా అదే.