హస్తవాసి ఎవరిది, చేతివాటం ఎవరిది?



కరోనా అనే మాట మన వాడల్లోకి 2020లో వచ్చింది. అప్పటికే ఆ మాట పుట్టి యాభై ఏళ్లు దాటింది. 1968 నవంబర్‌లో ‘నేచర్’ పత్రికలో ఎనిమిది మంది వైరాలజిస్టులు ఒక చిన్న లేఖ అచ్చువేయించి, ఒక వైరస్ కుటుంబానికి ఆ పేరు పెట్టాలని ప్రతిపాదించారు. ఆ ఎనిమిది మందిలో జూన్ అల్మెయిడా ఒకరు. మనిషికి జలుబు తెచ్చే కరోనా వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మొదట చూసింది ఆమే. తండ్రి బస్సు డ్రైవర్. ఆమె చదువు పదహారేళ్లకే ఆగిపోయింది.

అంటువ్యాధుల మీద పనిచేసిన మనుషుల జీవితాలను ఈ వరసలో రాస్తున్నాను కదా, ఈ భాగం ఆమెది. అయితే దీన్ని స్ఫూర్తి కథలాగా చెప్పను. పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు అనే కథలు మన పిల్లలకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ కథల్లో తలుపు ఎవరు మూశారో, ఎవరు తీశారో మాత్రం ఉండదు. నేను తలుపుల గురించే చెప్తాను.

జూన్ హార్ట్ 1930 అక్టోబర్ 5న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, ఇరుకు అద్దె గదుల కార్మికవాడలో పుట్టింది. ఆమెకు పదేళ్లప్పుడు ఆరేళ్ల తమ్ముడు డిఫ్తీరియాతో చనిపోయాడు. మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవాళ్లే, ఆ జబ్బు. సైన్స్‌లో చురుకైన పిల్లే గానీ యూనివర్సిటీకి పంపే స్తోమత ఆ ఇంట్లో లేదు. 1947లో గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీ అనే ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. జీతం వారానికి 25 షిల్లింగులు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కను పొరలు పొరలుగా కోయడం, రంగు అద్దడం, డాక్టరు చూడ్డానికి మైక్రోస్కోప్ కింద పెట్టడం ఆ పని. తర్వాత లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలోనూ అదే పని చేసింది. 1954లో వెనిజులా నుంచి వచ్చిన ఒక చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. కొంతకాలానికి ఇద్దరూ కెనడా వెళ్లారు.

మొదటి తలుపు అక్కడ తెరుచుకుంది. టొరంటోలోని ఒంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమెకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద ఉద్యోగం దొరికింది. బ్రిటన్‌లో డిగ్రీ లేని టెక్నీషియన్ ఎంత పనిచేసినా పైకి పోయే దారి దాదాపు లేదు. కెనడాలో ఆ పట్టింపు తక్కువ. డిగ్రీ లేకపోయినా పరిశోధన పత్రాల మీద ఆమె పేరు పడింది. కొన్నింటి మీద మొదటి పేరుగానే పడింది. పత్రం మీద పేరు పడకపోతే ఆమె చేసిన పనంతా ఇంకొకరి ఖాతాలోకి పోయేది. మనకిప్పుడు ఆమె గురించి మాట్లాడుకునే అవకాశమే ఉండేది కాదు.

ఇంతకీ ఆమె చేసిన పని ఏమిటి? వైరస్ మామూలు మైక్రోస్కోప్‌కు కనబడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు కనబడుతుంది గానీ, రోగి ముక్కులోంచి తీసిన ద్రవంలో కణాల తునకలు, మలినాలు బోలెడుంటాయి. వాటిలో ఏది వైరస్, ఏది చెత్త? దీనికి ఆమె రెండు ఉపాయాలు కలిపింది. మొదటిది అప్పటికే వాడుకలోకి వచ్చింది. ఎలక్ట్రాన్లు చొరబడలేని బరువైన లోహపు లవణాన్ని ద్రవానికి కలిపితే చుట్టూ నల్లగా, వైరస్ తెల్లగా తేలుతుంది. దీన్ని నెగెటివ్ స్టెయినింగ్ అంటారు. రెండోది ఆమె పట్టు సాధించిన పద్ధతి. ఆ జబ్బు వచ్చి తగ్గిన మనిషి రక్తంలో ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటాయి. వాటిని కలిపితే అవి వెతుక్కుంటూ పోయి వైరస్‌కే అంటుకుంటాయి, వైరస్‌లను గుంపుగా కూడగడతాయి. విడివిడిగా ఉంటే చెత్తలో కలిసిపోయేవి, గుంపుగా ఉంటే కనబడతాయి. ఒకసారి జబ్బుపడి లేచిన ఒంటికి ఉన్న జ్ఞాపకాన్ని సాక్ష్యంగా పిలవడం అన్నమాట.

లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి మెడికల్ స్కూల్ ప్రొఫెసర్ ఏ.పీ. వాటర్సన్ ఈ పనిని చూసి, 1964లో ఆమెను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇది రెండో తలుపు.

అదే కాలంలో ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో జలుబు మీద పరిశోధన చేసే ఒక కేంద్రం ఉండేది. దాని పెద్ద డేవిడ్ టైరెల్. 1960లో ఒక బడిపిల్లవాడి ముక్కు కడిగిన నీళ్లను వాళ్లు బి814 అని పేరు పెట్టి దాచారు. వలంటీర్ల ముక్కులో వేస్తే వాళ్లకు జలుబు వచ్చేది. అయితే మామూలుగా వైరస్‌లను పెంచే కణాల్లో అది పెరిగేది కాదు. గొంతు గొట్టం ముక్కల్ని ల్యాబ్‌లో బతికించి పెంచితే వాటిలో పెరిగింది. దాని రూపం మాత్రం ఎవరికీ తెలియదు. టైరెల్ పెద్ద ఆశ లేకుండానే ఆ నమూనాను అల్మెయిడాకు పంపాడు. ఆమె చూసింది, ఫొటోలు తీసింది. గుండ్రటి రేణువు, చుట్టూ కిరీటంలా ముళ్లు.

ఆమెకు అది కొత్త ముఖం కాదు. కోళ్లకు బ్రాంకైటిస్ తెచ్చే వైరస్‌లోనూ, ఎలుకలకు కాలేయపు జబ్బు తెచ్చే వైరస్‌లోనూ ఆ రూపాన్ని ముందే చూసింది. దాని మీద పత్రం రాసి పంపితే పరిశీలకులు తిప్పికొట్టారు. ఇవి ఫ్లూ వైరస్ ఫొటోలే, సరిగా రాలేదు అన్నారు. కొత్త రూపం ఎదురుగా ఉన్నా, చూపించినవాళ్ల పనితనాన్నే శంకించారు. టైరెల్‌తో కలిసి ఆమె రాసిన పత్రం 1967లో ‘జర్నల్ ఆఫ్ జనరల్ వైరాలజీ’లో వచ్చింది. బి814, అమెరికాలో దొరికిన 229ఇ అనే ఇంకో జలుబు వైరస్, కోళ్ల వైరస్, అన్నీ చూడ్డానికి ఒకే రూపమని తేలింది. లాటిన్‌లో కరోనా అంటే కిరీటం. పేరు అలా వచ్చింది.

అక్కడితో ఆగలేదు. గర్భిణులకు సోకితే బిడ్డకు చేటు చేసే రుబెల్లా వైరస్‌ను మొదట కంటికి చూపించిన బృందంలో ఆమె ఉంది. హెపటైటిస్ బి రేణువు నిర్మాణం మీద పనిచేసింది. ఆమె పద్ధతి నేర్చుకున్న అమెరికన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ కపికియన్ 1972లో వాంతులు, విరేచనాలు తెచ్చే నార్వాక్ వైరస్‌ను కనిపెట్టాడు. 1973లో హెపటైటిస్ ఎ వైరస్ దొరికింది కూడా అదే దారిలో. అచ్చయిన పత్రాల ఆధారంగా ఆమెకు డాక్టరేట్ ఇచ్చారు. ఇది మూడో తలుపు. అలాంటి నిబంధన ఒకటి ఉండబట్టే అది సాధ్యమైంది. రిటైరయ్యాక యోగా నేర్పింది. 1980లలో మళ్లీ సెయింట్ థామస్‌కు సలహాదారుగా వచ్చి, హెచ్‌ఐవీ ఫొటోలు తీయడంలో సాయం చేసింది. 2007 డిసెంబర్ 1న చనిపోయింది. లోకంలో ఎక్కువమంది ఆమె పేరు విన్నది 2020లోనే.

ఇప్పుడు మన సికింద్రాబాద్‌కు రండి.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఆయన పేరు ఉంది. ఆ ప్రయోగంలో దోమలకు తన ఒంటిని ఇచ్చి కుట్టించుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. అసలైన జాతి దోమ గోడ మీద తోక పైకెత్తి వాలి ఉంటే, దాన్ని చూసి రాస్‌కు చూపించినవాడు ఆసుపత్రి అసిస్టెంట్. రాస్ తన ఆత్మకథలో ఆ సంగతి దాచలేదు. అయితే ఆ అసిస్టెంట్ పేరు మరిచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాసుకున్నాడు. దోమ రెక్కల మీది మచ్చలు గుర్తున్నాయి, ఆ దోమను చూపించిన మనిషి పేరు గుర్తులేదు. ఆ అసిస్టెంట్ కులమేమిటో, ఊరేమిటో చెప్పడానికి మన దగ్గర కాగితం ముక్క లేదు. ఊహించి మనవాడే అనడం నాకిష్టం లేదు. కానీ పేరు మరిచిపోయే హక్కు ఎప్పుడూ ఒక వైపు వాళ్లకే ఉంటుందని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇంకో సంగతి. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి శరీరం పాఠం నేర్చుకుంటే, అది భారతీయ వైద్యంలో కొత్త యుగం అన్నారు. అగ్రకులంవాడు శవాన్ని ముట్టుకున్నాడు కాబట్టి చరిత్రకెక్కాడు. అంతకు ముందూ ఆ తర్వాతా శవాలను మోసినవాళ్లు, కడిగినవాళ్లు, కాటికి చేర్చినవాళ్లు ముట్టుకున్నందుకే అంటరానివాళ్లుగా మిగిలారు. ముట్టుకున్నది ఒకే శవాన్ని. ఒకరికి అది విజ్ఞానం, ఇంకొకరికి మైల.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, కాబట్టి మాటల్లోకి పోతాను. మంచి డాక్టరును తెలుగులో ఎలా మెచ్చుకుంటాం? ‘ఆయన హస్తవాసి మంచిది’ అంటాం. మరి చేతివాటం? చేతికి అలవడిన ఒడుపు అని దానర్థం. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అంటాం కదా. కానీ ఇవాళ పేపర్ తీస్తే ‘సిబ్బంది చేతివాటం’ అంటే దొంగతనం. సంస్కృతం కలిసిన మాట డాక్టరుకు పోయింది. తెలుగు మాట దొంగతనానికి మిగిలింది. పనిచేసే చేతిని ఈ సమాజం ఎలా చూస్తుందో చెప్పడానికి నిఘంటువులో ఈ రెండు మాటలు చాలు.

గ్లాస్గో పేదరికమూ మన అంటరానితనమూ ఒకటేనని నేను అనడం లేదు. జూన్ అల్మెయిడా తెల్లజాతి మనిషి. ఆమె ముట్టుకున్న గాజుపలకను ఎవరూ కడిగి తీసుకోలేదు. ఆమె ఇంటిపేరు అడిగి ఎవరూ కూర్చునే చోటు మార్చలేదు. ఆమెను ఆపింది డబ్బు, డిగ్రీ, ఆడదానివి అనే చూపు. కులం వీటన్నిటినీ కలుపుకుని, ఇంకా లోతుకు పోతుంది. పని విభజన పేరు చెప్పి పనివాళ్ల మధ్యనే మెట్లు కట్టే ఏర్పాటు కులమని బాబాసాహెబ్ 1936లోనే విప్పి చూపారు. ఆ మెట్ల మీద పై మెట్టు ఆలోచించడానికి, కింది మెట్టు కడగడానికి.

ఆ మెట్లు మన ఆసుపత్రుల్లో ఎలా ఉన్నాయో చూడండి. వార్డు ఊడ్చేవాళ్లు, మార్చురీలో పనిచేసేవాళ్లు ఎక్కువగా ఎవరి పిల్లలో మీకు తెలుసు. ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ చేసి ల్యాబ్‌లో రక్తం తీసే మన పిల్లల్లో ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లు ఎంతమందో కూడా తెలుసు. కోవిడ్ రోజుల్లో జనం తలుపులేసుకుని కూర్చుంటే, రోగి ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసింది ఈ చేతులే. ఆ నమూనా మీద వచ్చే పరిశోధన పత్రం మీద మాత్రం వాళ్ల పేరు కనబడదు. నా క్లాసులో ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు, రాత్రి డయాగ్నస్టిక్ సెంటర్‌లో డ్యూటీ చేసి పొద్దున క్లాసుకు వచ్చేవాళ్లు. ‘సార్, మేం టెక్నీషియన్లమే కదా’ అంటారు. ఆ ‘మే’ అనే అక్షరం దగ్గరే నాకు పేచీ.

చదువు దొరికినవాళ్ల సంగతి? దేశంలో పేరున్న వైద్య విద్యాసంస్థ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష గురించి ఆరోపణలు వస్తే, 2006లో సుఖదేవ్ థోరట్ నాయకత్వాన కమిటీ వేశారు. 2007లో ఇచ్చిన నివేదికలో హాస్టల్లో, మెస్‌లో, క్లాసులో, పరీక్షల్లో వెలివేత ఎలా నడుస్తుందో రాశారు. సీటు తెచ్చుకోవడం ఒక తలుపు, లోపల నిలబడనివ్వడం ఇంకో తలుపు. కార్ల్ సేగన్‌లాగా సైన్స్ రచయిత కావాలని కలగన్న రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్‌లో మనకు లేకుండా పోయాడు. అతను యూనివర్సిటీ లోపలికి వచ్చినవాడే.

అందుకే జూన్ అల్మెయిడా కథలోంచి ‘డిగ్రీ అక్కర్లేదు, ప్రతిభ చాలు’ అనే పాఠం తీయవద్దు. అది మెరిట్‌వాళ్లు తీసే పాఠం. రిజర్వేషన్ ఎందుకు అని అడిగే నోరే ఆ పాఠాన్ని కూడా చెప్తుంది. ఆమె చేతిలో ప్రతిభ గ్లాస్గోలోనూ ఉంది, టొరంటోలోనూ ఉంది. గ్లాస్గోలో అది వారానికి 25 షిల్లింగులు. పత్రం మీద పేరు వేసే పద్ధతి, చేసిన పనికి డాక్టరేట్ ఇచ్చే నిబంధన, పనిని చూసి పిలిచిన ప్రొఫెసర్, ఈ మూడూ వచ్చాకే ప్రతిభకు ప్రతిభ అనే పేరు వచ్చింది. మొదటి రెండూ వ్యవస్థలు, పోరాడి సాధించుకోదగినవి. మూడోది అదృష్టం, దాని మీద ఆధారపడి ఒక జాతి బతకలేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అడగవలసినవి ఇవి. ల్యాబ్ టెక్నీషియన్ల ఉద్యోగాలు పర్మినెంట్ చేయాలి. నమూనా సేకరణలో, పరీక్షల్లో చెయ్యి పెట్టినవాళ్ల పేరు పరిశోధన పత్రాల్లో రావాలి. డిప్లొమా దగ్గర ఆగినవాళ్లు ఉద్యోగం చేస్తూనే పై చదువుకు పోయే దారి ఉండాలి. ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్ డబ్బులు నెలనెలా పడాలి. బీఎస్సీ చదువుతున్నవాళ్లు ఇది కూడా తెలుసుకోండి: తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో వైరాలజీకి ప్రత్యేకంగా ఒక శాఖే ఉంది, అక్కడ ఎంఎస్సీ చేయవచ్చు. పుణెలో 1952లో వైరస్ రిసెర్చ్ సెంటర్‌గా మొదలైన సంస్థే ఇవాళ్టి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ. ఈ పేర్లు మన హాస్టల్ గోడల మీద రాసి ఉండాలి.

ల్యాబ్‌లో పనిచేసే మిత్రులు ఎవరైనా ఉంటే, మీరు చేసే పని ఏమిటో, రిపోర్టు మీద ఎవరి సంతకం పడుతుందో కింద రాయండి. రాస్‌కు దోమను చూపించిన మనిషి పేరు మనకు ఇక దొరకకపోవచ్చు. మీ పేర్లు మాత్రం ఇంకా దొరుకుతాయి.

వచ్చే భాగంలో ప్లేగు టీకా చేసిన యూదు శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్ గురించి, 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో జరిగిన మరణాల నింద ఆయన మీద ఎలా వేశారో రాస్తాను.

జై భీమ్. జై సావిత్రిబాయి.