బహుముఖులు, సరూప ఘనాకృతుల ఘనపరిమాణం

రేఖాగణితంలో సమతల బహుభుజులు మాత్రమే హద్దులుగా గల త్రిమితీయ ఘనాకృతిని బహుముఖి అంటారు. ఈ బహుభుజులను ముఖాలు అనీ, రెండు ముఖాలు కలిసే రేఖాఖండాన్ని అంచు అనీ, అంచులు కలిసే బిందువును శీర్షం అనీ పిలుస్తారు. సమఘనం, దీర్ఘఘనం, పట్టకం, పిరమిడ్ బహుముఖులు. గోళం, స్థూపం, శంకువులకు వక్రతలాలు ఉన్నందున అవి బహుముఖులు కావు.

ఆయిలర్ సూత్రం

ప్రతి కుంభాకార బహుముఖిలోనూ ముఖాల సంఖ్యకు శీర్షాల సంఖ్యను కలిపితే వచ్చే మొత్తం, అంచుల సంఖ్య కంటే 2 ఎక్కువ. లియొనార్డ్ ఆయిలర్ 1750లో గోల్డ్‌బాక్‌కు వ్రాసిన లేఖలో ఈ సంబంధాన్ని తెలిపాడు.

క్రమ బహుముఖులు

ముఖాలన్నీ సర్వసమానమైన క్రమ బహుభుజులై, ప్రతి శీర్షం వద్ద సమాన సంఖ్యలో ముఖాలు కలిసే కుంభాకార బహుముఖులు ఐదు మాత్రమే.

* చతుర్ముఖి: ముఖాలు 4, శీర్షాలు 4, అంచులు 6
* సమఘనం: ముఖాలు 6, శీర్షాలు 8, అంచులు 12
* అష్టముఖి: ముఖాలు 8, శీర్షాలు 6, అంచులు 12
* ద్వాదశముఖి: ముఖాలు 12, శీర్షాలు 20, అంచులు 30
* వింశతిముఖి: ముఖాలు 20, శీర్షాలు 12, అంచులు 30

సరూప ఘనాకృతులు

ఒక ఘనాకృతి కొలతలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించినపుడు వచ్చే ఆకృతి మొదటిదానికి సరూపం. సమఘనాలన్నీ పరస్పరం సరూపాలు. దీర్ఘఘనాలన్నీ అట్లు కావు: 2, 3, 4 కొలతలు గలది 4, 6, 8 కొలతలు గలదానికి సరూపమే గాని, 2, 3, 8 కొలతలు గలదానికి కాదు.

సరూప ఘనాకృతుల ఉపరితల వైశాల్యాలు అనురూప అంచుల వర్గాల నిష్పత్తిలోనూ, ఘనపరిమాణాలు అంచుల ఘనాల నిష్పత్తిలోనూ ఉంటాయి. ఘనాకృతిని అతి చిన్న సమఘనాలతో నింపినట్లు భావిస్తే దీని కారణం తెలుస్తుంది. ఆకృతి పెరిగినపుడు ప్రతి చిన్న సమఘనం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అంతే రెట్లు పెరుగుతాయి. అందువలన ఈ నియమం గోళాలకు కూడా వర్తిస్తుంది.

ఉదాహరణ

చతురస్రాకార ఆధార భుజం 6 సెం.మీ., ఎత్తు 4 సెం.మీ. గల క్రమ పిరమిడ్ ఘనపరిమాణం 36 × 4 ÷ 3 = 48 ఘ.సెం.మీ.; ఉపరితల వైశాల్యం 96 చ.సెం.మీ. కొలతలను 3 రెట్లు చేస్తే వైశాల్యం 9 రెట్లై 864 చ.సెం.మీ., ఘనపరిమాణం 27 రెట్లై 1296 ఘ.సెం.మీ. అవుతుంది. పిరమిడ్‌ను సగం ఎత్తు వద్ద ఆధారానికి సమాంతరంగా కోస్తే, పై ముక్క మొత్తంలో 8వ వంతు మాత్రమే. మిగిలిన 7 వంతులు క్రింది ముక్కలో ఉంటాయి.

చరిత్ర

సరూప పిరమిడ్లకు, గోళాలకు ఈ నియమాన్ని యూక్లిడ్ 'ఎలిమెంట్స్' 12వ భాగంలో నిరూపించాడు. పిరమిడ్ ఘనపరిమాణం ఆధార వైశాల్యం, ఎత్తుల లబ్ధంలో సగమని ఆర్యభటీయం (క్రీ.శ. 499) తెలిపింది. సరియైన విలువ మూడవ వంతు. దీనిని బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ఇచ్చాడు.

సమఘనాకార బలిపీఠాన్ని రెట్టింపు చేయవలెనని డెలోస్ ద్వీపవాసులకు దైవవాణి ఆదేశించినట్లు గ్రీకు గాథ ఒకటి ఉంది. అంచును రెట్టింపు చేస్తే పీఠం 8 రెట్లవుతుంది. కావలసినది సుమారు 1.26 రెట్ల అంచు. ఈ పొడవును కొలతలు లేని స్కేలు, వృత్తలేఖినితో నిర్మించడం అసాధ్యమని 1837లో పియెర్ వాంట్‌జెల్ నిరూపించాడు.

ప్రాముఖ్యత

జంతువు ఆకారం మారకుండా అన్ని కొలతలు రెట్టింపైతే బరువు 8 రెట్లు పెరుగుతుంది. ఎముకల అడ్డుకోత వైశాల్యం 4 రెట్లే పెరుగుతుంది. కాబట్టి ఎముకలపై ఒత్తిడి రెట్టింపవుతుంది. పెద్ద జంతువుల ఎముకలు అనుపాతం కంటే లావుగా ఉండవలసిన కారణాన్ని గెలీలియో 1638లో ఈ విధంగానే వివరించాడు. చిన్న నమూనాలో నిలిచిన కట్టడం అదే ఆకారంలో పెద్దగా కట్టినపుడు నిలవకపోవచ్చుననడానికీ ఇదే కారణం.

ఇవి కూడా చూడండి

* సమఘనం
* పిరమిడ్
* ఘనమూలం