అల్ట్రాసౌండ్ థెరపీ: మడమ, మోచేయి, భుజం నొప్పికి జెల్ రాసి తిప్పే ఆ మిషన్.. నిజంగా పనిచేస్తుందా?

అల్ట్రాసౌండ్ అనగానే చాలామందికి కడుపు స్కానింగే గుర్తొస్తుంది. కానీ ఫిజియోథెరపీ సెంటర్‌లో జెల్ రాసి, నొప్పి ఉన్నచోట గుండ్రంగా తిప్పే చిన్న పరికరం కూడా అల్ట్రాసౌండే. దీంతో స్కానింగ్ చేయరు.. చికిత్స చేస్తారు. టెండన్ గాయాలకు ఏళ్లుగా దీన్ని వాడుతున్నారు. ఇది ఎలా పనిచేస్తుంది? ఎవరు దూరంగా ఉండాలి? వివరాలు చూద్దాం.

టెండన్ అంటే ఏంటి?
కండరాన్ని ఎముకతో కలిపే గట్టి తాడు లాంటిదే టెండన్. మడమ వెనుక చేతికి తగిలే అకిలిస్ టెండన్ కూడా ఇలాంటిదే. కండరాలతో పోలిస్తే టెండన్లకు రక్త సరఫరా తక్కువ. అందుకే దెబ్బతింటే ఓ పట్టాన మానదు. ఒక్కోసారి నెలలు పడుతుంది. సచిన్ టెండూల్కర్‌ను ఇబ్బంది పెట్టిన టెన్నిస్ ఎల్బో కూడా మోచేతి టెండన్ సమస్యే. ఆయనకు 2005లో లండన్‌లో సర్జరీ చేయాల్సి వచ్చింది. ఇది ఆటగాళ్లకే కాదు.. రోజంతా స్పానర్ తిప్పే మెకానిక్‌లకు, చేతిపనులు చేసేవాళ్లకు కూడా వస్తుంది.

మిషన్ ఎలా పనిచేస్తుంది?
మన చెవికి వినిపించని ధ్వని తరంగాలను ఈ పరికరం లోపలికి పంపుతుంది. లోతుగా ఉన్న గాయానికి 1 మెగాహెర్ట్జ్, చర్మానికి దగ్గరగా ఉన్నదానికి 3 మెగాహెర్ట్జ్ వాడతారు. మధ్యలో గాలి ఉంటే తరంగాలు లోపలికి వెళ్లవు. జెల్ రాసేది అందుకే. ఆపకుండా పంపితే లోపల వేడి పుడుతుంది. ఆపి ఆపి పంపితే వేడి తక్కువ.. కొత్త గాయాలకు ఎక్కువగా ఇదే పద్ధతి. సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు పెడతారు. ఒకేచోట ఆపితే కాలే ప్రమాదం ఉంది కాబట్టి తిప్పుతూనే ఉండాలి.

ఫలితం ఉంటుందా?
జంతువులపై చేసిన కొన్ని ప్రయోగాల్లో టెండన్ త్వరగా గట్టిపడినట్లు కనిపించింది. మనుషుల్లో మాత్రం ఫలితాలు ఒకేలా లేవు. భుజం టెండన్‌లో కాల్షియం పేరుకున్నవారిపై ఆస్ట్రియాలో జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. 9 నెలల తర్వాత చూస్తే, థెరపీ తీసుకున్న భుజాల్లో 42 శాతం, ఉత్తుత్తి థెరపీ ఇచ్చిన భుజాల్లో 8 శాతం కాల్షియం పూర్తిగా కరిగిపోయింది. మొదట్లో నొప్పి కూడా తగ్గింది కానీ, 9 నెలలకు నొప్పి విషయంలో రెండు గ్రూపుల మధ్య పెద్ద తేడా లేదు. టెన్నిస్ ఎల్బో, మడమ నొప్పికి ఇంత స్పష్టమైన ఆధారాలు లేవు.

అందుకే ఒక్క మిషన్‌నే నమ్ముకుంటే సరిపోదు. టెండన్‌కు మెల్లమెల్లగా బరువు అలవాటు చేసే వ్యాయామాలే అసలు చికిత్స. ఉదాహరణకు అకిలిస్ నొప్పికి, మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామాన్ని సుమారు 12 వారాలు చేయిస్తారు.

ఎవరికి పెట్టకూడదు?
క్యాన్సర్ గడ్డ, ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టిన చోట పెట్టకూడదు. గర్భిణుల పొట్ట, నడుము మీద, కళ్ల మీద, పేస్‌మేకర్ దగ్గర అస్సలు వద్దు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. కాబట్టి ముందే ఫిజియోకు చెప్పాలి.

మడమ వెనుక టప్‌మని శబ్దం వచ్చి, మునివేళ్లపై నిలబడలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. తెగిన టెండన్‌ను అల్ట్రాసౌండ్ అతికించలేదు. వెంటనే ఎముకల డాక్టర్‌ను కలవాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు ముందు డాక్టర్ సలహా తప్పనిసరి.