జాగిలం

పలాసలో ఓ జీడిపప్పు వ్యాపారి ఇంట్లో దొంగలు పడ్డారనుకోండి. మర్నాడు పేపర్లో ‘జాగిలాలను రప్పించారు’ అని వస్తుంది. వీధిలో మూగిన జనం మాత్రం ‘పోలీసు కుక్కొచ్చింది’ అంటారు.

నిఘంటువుల్లో జాగిలమంటే వేటకుక్క. రాజుల వేట పోయింది. వాసన పట్టే పని పోలీసుల చేతికొచ్చింది, మాటా దాని వెంటే వచ్చేసింది.

ఇప్పుడు జాగిలమనగానే కళ్ల ముందు నిలిచేది ఏ జర్మన్ షెపర్డో, డాబర్‌మనో. అంతర్జాతీయ జాతి ప్రమాణం ప్రకారం మగ డాబర్‌మన్ మూపు దగ్గర 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తుండాలి, సుమారు 40-45 కిలోలు తూగాలి. మగ జర్మన్ షెపర్డ్ ఎత్తు 60-65 సెంటీమీటర్లు. ఒళ్లు ఎత్తుకన్నా కాస్త పొడవుగా సాగి ఉండాలి.

ఉద్దానంలో జీడితోట కాసే ఊరకుక్కకు ఈ కొలతలేవీ లేవు. ఎలుగు అలికిడైతే చాలు, చెవులు రిక్కించి, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తోట దద్దరిల్లేలా మొరుగుతుంది. అయినా దాన్నెవరూ జాగిలం అనరు. వెక్కిరించాలనిపిస్తే సంస్కృతంలో ‘గ్రామసింహం’ అంటారు. జాగిలం అనిపించుకోవాలంటే పగ్గం పట్టిన చేతికి ఖాకీ చొక్కా ఉండాలి మరి!