ఋష్యశృంగుడి నుంచి బ్లూ లగూన్ దాకా

ఆడపిల్లల ముందు తల ఎత్తని కుర్రాణ్ణి మన ఇళ్లల్లో ఇప్పటికీ 'ఒట్టి ఋష్యశృంగుడు' అంటారు. మాట తేలిగ్గా వచ్చేస్తుంది గానీ, దాని వెనక చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. మనుషుల పొడ సోకకుండా పెరిగిన పిల్లవాడికి ప్రేమ ఎలా తెలుస్తుంది? అది వయసుతో పాటు దానంతటదే వస్తుందా, ఎవరో ఒకరు నేర్పాలా? ఈ ప్రశ్నను అడవిలో పెట్టి అడిగినవాళ్లున్నారు, దీవిలో పెట్టి అడిగినవాళ్లున్నారు. మన దేశంలో మొదలుపెట్టి ఆ కథ పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

రామాయణం బాలకాండలో ఋష్యశృంగుడి కథను సుమంత్రుడు దశరథుడికి చెబుతాడు. భారతం అరణ్యపర్వంలో, కౌశికీ నది తీరాన, లోమశ మహర్షి ధర్మరాజుకు చెబుతాడు. అరణ్యపర్వంలో ఆ భాగం నన్నయ చేతి మీదుగా వచ్చినదే కనుక, వెయ్యేళ్లకు కాస్త అటూ ఇటూగా ఇది తెలుగు కథ కూడా.

విభాండక మహర్షి కొడుకు ఋష్యశృంగుడు. లేడి కడుపున పుట్టాడు, నెత్తిన కొమ్ముంది. తండ్రిని తప్ప మరో మనిషిని చూడకుండా అడవిలో పెరిగాడు. అంగదేశంలో వానలు లేక కరువొచ్చింది. ఆ పిల్లవాడు రాజ్యంలో కాలు పెడితే వాన పడుతుందని రాజు రోమపాదుడికి పెద్దలు చెప్పారు. భారత కథలో ఒక ముసలి వేశ్య పడవ మీద చెట్లతో, పూలతో ఆశ్రమం కట్టించి, తండ్రి లేని సమయం చూసి కూతుర్ని పంపింది. రామాయణంలో వచ్చిన వేశ్యలు మిఠాయిలు తినిపిస్తే, అవి కూడా పళ్లేననుకున్నాడు పాపం.

భారతంలో ఆ సాయంత్రం దృశ్యం చూడండి. విభాండకుడు ఆశ్రమానికి తిరిగొచ్చేసరికి కొడుకు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. సమిధలు తేలేదేం నాయనా, అగ్నిహోత్రం అయిందా, హోమధేనువు దగ్గరికి దూడను వదిలావా అని తండ్రి అడిగాడు. కొడుకు ధ్యాస వాటి మీద లేదు. ఒక బ్రహ్మచారి వచ్చాడని మొదలుపెట్టాడు. అతని జడలు పొడుగ్గా, సువాసనగా, బంగారు దారంతో కట్టి ఉన్నాయట. మెడలో చెట్టు పాదులాంటిదేదో మెరుస్తోందట. రొమ్ము మీద రెండు గుండ్రని ముద్దలున్నాయట. చేతులకున్నవి తన జపమాలలాగే ఉన్నా, కదిలితే మోగుతున్నాయట. గుండ్రటి పండొకటి నేలకు కొడితే పైకి ఎగురుతోందట. ఆ బ్రహ్మచారి తనను దగ్గరికి తీసుకుని, నోటి మీద నోరు పెట్టి చప్పుడు చేశాడట. అతని దగ్గరికే పోయి, అతను చేసే తపస్సే చేస్తానన్నాడు.

ఆ పిల్లవాడికి తెలిసినవి ఆశ్రమం మాటలే. గాజులను జపమాలతో పోల్చాడు, బంతిని పండన్నాడు, ఆడపిల్లను బ్రహ్మచారి అన్నాడు, ప్రేమను తపస్సు అన్నాడు. గుండెలో పుట్టినదాన్ని చెప్పుకోవడానికి ఒక్క మాటయినా లేదు. ఆ మాట ఇవ్వగలిగినవాడు తండ్రి ఒక్కడే. ఆయన ఏమన్నాడు? వాళ్లు తపస్సు చెడగొట్టడానికి మారువేషాల్లో తిరిగే రాక్షసులు, వాళ్ల జోలికి పోవద్దన్నాడు. తర్వాత ఆ పిల్ల కోసం మూడు రోజులు అడవంతా గాలించాడు. ఆయన మళ్లీ అడవికి వెళ్లగానే ఆమె వచ్చింది, ఋష్యశృంగుడు మారుమాట లేకుండా పడవెక్కాడు. అంగదేశంలో వాన కురిసింది. రాజు తన కూతురు శాంతనిచ్చి పెళ్లి చేశాడు.

బౌద్ధులూ ఈ కథ చెప్పుకున్నారు. జాతక కథల్లో ఇతని పేరు ఇసిసింగుడు. నళినికా జాతకంలో వేశ్యకు బదులు రాజకుమార్తే స్వయంగా అడవికి వెళుతుంది. క్రీస్తుకు పూర్వమే కట్టిన భర్హుత్ స్తూపం మీద ఈ కథను చెక్కి, కింద పేరు కూడా రాశారు.

క్రీస్తుశకం రెండో శతాబ్దం ప్రాంతంలో, గ్రీకు భాషలో లాంగస్ అనే రచయిత డాఫ్నిస్, క్లోయిల కథ రాశాడు. పుట్టగానే వదిలేసిన ఇద్దరు పిల్లలు లెస్బోస్ దీవిలో గొర్రెల కాపరుల దగ్గర పెరుగుతారు. ఒకరిని చూస్తే ఒకరికి ఒళ్లు వేడెక్కుతుంది, నిద్ర పట్టదు, తిండి సయించదు. ఏదో జబ్బనుకుంటారు. ఫిలెటాస్ అనే ముసలి కాపరి వాళ్లను కూర్చోబెట్టి, దీని పేరు ప్రేమ అని చెబుతాడు. విభాండకుడు కొడుక్కి చెయ్యనిది ఈ ముసలాయన ఎవరి పిల్లలకో చేశాడు.

పన్నెండో శతాబ్దంలో అండలూసియాలో, అంటే నేటి స్పెయిన్‌లో, ఇబ్న్ తుఫైల్ అనే వైద్యుడు, తత్వవేత్త 'హయ్ ఇబ్న్ యఖ్జాన్' అనే కథ రాశాడు. చోటు భూమధ్యరేఖ దగ్గర, హిందూదేశపు దీవుల్లో ఒకటి. మనిషే లేని ఆ దీవిలో హయ్‌ని ఒక లేడి పాలిచ్చి పెంచుతుంది. ఇతనికీ తల్లి లేడే! అది చచ్చిపోయినప్పుడు, దానిలోంచి పోయినదేమిటో తెలుసుకోవాలని హయ్ దాని రొమ్ము కోసి వెతుకుతాడు. ఆ దుఃఖంలోంచే ఆలోచన మొదలై, చివరికి దేవుడి మీద ప్రేమ దాకా వెళుతుంది. ఈ పుస్తకం 1671లో లాటిన్‌లోకి, 1708లో అరబ్బీ నుంచి నేరుగా ఇంగ్లీషులోకి వచ్చింది.

ఈలోగా షేక్‌స్పియర్ 1611 నాటికి 'టెంపెస్ట్' నాటకం రాసేశాడు. మూడేళ్లయినా నిండకుండా దీవికి చేరిన మిరాండా పన్నెండేళ్లపాటు అక్కడే తండ్రి పెంపకంలో పెరిగింది. ఆమె ఫెర్డినాండ్‌ను చూసీ చూడగానే ప్రేమించింది. అయితే అతణ్ణి అక్కడికి రప్పించిందీ, చాటు నుంచి చూస్తూ కథ నడిపించిందీ తండ్రి ప్రాస్పెరోయే.

1788లో ఫ్రెంచి రచయిత బెర్నార్డిన్ ద సెయింట్ పియర్ రాసిన 'పాల్ అండ్ వర్జీనీ' యూరప్‌ను ఏడిపించింది. కథ జరిగేది మారిషస్‌లో, తర్వాతి శతాబ్దంలో మన తెలుగువాళ్లు చెరకు తోటల కూలికి వెళ్లి స్థిరపడిన దీవి అదే. అన్నాచెల్లెళ్లలా పెరిగిన పాల్, వర్జీనీల మధ్య ప్రేమ మొలకెత్తగానే పెద్దలు పిల్లను ఫ్రాన్సుకు పంపేస్తారు. తిరిగొచ్చేటప్పుడు తీరం కనబడుతుండగా ఓడ మునిగిపోతుంది. బట్టలు విప్పితే రక్షిస్తానని నావికుడు బతిమాలినా, సిగ్గు విడవలేక వర్జీనీ ప్రాణం విడుస్తుంది. ఆ సిగ్గు దీవిలో నేర్చినది కాదు.

ఇక 'బ్లూ లగూన్'. రాసినవాడు ఐర్లండులో పుట్టిన హెన్రీ డి వీర్ స్టాక్‌పూల్, వృత్తికి ఓడల్లో డాక్టరు. ఒక రాత్రి నిద్ర పట్టక, ఆదిమానవుడి గురించి ఆలోచించాడు. సూర్యాస్తమయం, ఉరుము, పిడుగు, వీటికి పేర్లయినా తెలియక నోరు తెరిచి చూసిన ఆ మనిషి అదృష్టవంతుడు అనిపించింది. డాక్టరుగా తాను ఎన్నో పుట్టుకలూ చావులూ చూశాడు, ఆశ్చర్యపోవడం మరిచిపోయాడు. ఏమీ తెలియని ఇద్దరు పిల్లలు దీవిలో ఒంటరిగా పెరిగితే ఇవన్నీ వాళ్లకెలా కనిపిస్తాయి? అక్కణ్ణుంచి పుట్టిన నవల 1908లో అచ్చయింది.

ఓడ తగలబడి డిక్, ఎమ్మెలీన్ అనే చిన్నపిల్లలు ప్యాడీ బటన్ అనే ముసలి నావికుడితో ఒక దీవికి చేరతారు. ఆయన వాళ్లకు బతకడం నేర్పాడు, విషపు పళ్లు తినొద్దని హెచ్చరించాడు. ప్రేమ మాట చెప్పే వయసు వాళ్లకు రాకముందే, తాగిన మత్తులో చచ్చిపోయాడు. పిల్లలు పెరిగి ఒకరికొకరు దగ్గరయ్యారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఎమ్మెలీన్‌కే తెలియదు. ఒకనాడు అడవిలోకి పోయి సొమ్మసిల్లి, లేచేసరికి పక్కన బిడ్డ ఉంది.

ఈ నవల 1923లో మూకీ సినిమాగా, 1949లో జీన్ సిమ్మన్స్‌తో, 1980లో బ్రూక్ షీల్డ్స్‌తో తెరకెక్కింది. 1980 చిత్రం ఫిజీ దీవుల్లో తీశారు, తెలుగు కూలీలు చెరకు పండించిన దీవులే అవి కూడా. చిత్రీకరణ నాటికి షీల్డ్స్‌కు పద్నాలుగేళ్లు. నగ్న దృశ్యాలకు వేరే యువతిని పెట్టారు. ఏమీ ఎరగనితనం గురించి పుట్టిన కథ, ఒక పసిదాని ఏమీ ఎరగనితనాన్ని టికెట్టు పెట్టి చూపించే దాకా వచ్చింది. ఇది నాకు బాధగా ఉంటుంది.

కథలు సరే, నిజంగా జరిగితే? 1800 జనవరిలో ఫ్రాన్సులోని ఆవెరాన్ ప్రాంతంలో పన్నెండేళ్ల పిల్లవాడొకడు అడవిలోంచి బయటికొచ్చాడు. మాట లేదు, ఒంటి మీద చిరిగిన చొక్కా పేలికలు తప్ప బట్ట లేదు. జాన్ ఇటార్ అనే యువ వైద్యుడు అతనికి విక్టర్ అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి చదువు చెప్పాడు. విక్టర్‌కు మాటలు దాదాపు రానే లేదు. యౌవనం వచ్చినప్పుడు అతను ఒక స్త్రీ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకునేవాడు. తర్వాత ఏం కావాలో తనకే తెలియక, విసుగ్గా ఆమెను పక్కకు నెట్టేసేవాడు. ఇటార్ తన నివేదికలో ఇది రాశాడు. వయసు కోరికను తెచ్చింది, దారి చూపలేదు.

అదే విక్టర్ మరోచోట ప్రేమ తెలిసినవాడిలా కనిపిస్తాడు. అతనికి వండిపెట్టి సాకిన మేడమ్ గెరాన్ భర్త చనిపోయాడు. విక్టర్ అలవాటు ప్రకారం భోజనాల బల్ల మీద ఆయన పళ్లెం కూడా పెట్టాడు. అది చూసి ఆమె బావురుమంది. తన వల్లే ఏడ్చిందని గ్రహించి పళ్లెం తీసేశాడు, మళ్లీ ఎన్నడూ పెట్టలేదు. ఆ కాస్త ప్రేమ అడవిలో దొరికింది కాదు. అన్నం పెట్టిన చేతి నుంచి నేర్చుకున్నది.

అడవిలోనైనా దీవిలోనైనా కోరిక పుడుతుంది. దాన్ని ప్రేమ చేసేది పక్కన ఉండే పెద్దమనిషి. మన ఊళ్లలోనూ ఆడపిల్లలతో మాట్లాడితే జరిమానా వేసే కాలేజీలున్నాయి, ఫోను లాక్కుంటే చాలు అనుకునే ఇళ్లున్నాయి. పిల్లల్ని అడవిలో పెంచినట్టు పెంచి, వయసొచ్చాక ఎదుటివాళ్లు రాక్షసులని చెబితే, విభాండకుడికి జరిగిందే మనకూ జరుగుతుంది. మీ ఇంట్లో పదిహేనేళ్ల పిల్లో పిల్లవాడో ఒక సాయంత్రం దిగాలుగా కూర్చుంటే, పుస్తకం తీశావా అని అడిగే ముందు పక్కన కూర్చోండి. దాని పేరేమిటో మీరే చెప్పండి.